ముందు టైమ్‌టేబుల్ మారాలి

కళాశాలల నిర్వహణ గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఈ శీర్షికలో ఒక విశ్రాంత డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ సమాధానాలిస్తారు. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చాయి.

ప్రశ్న: చిత్తూరులోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో నేను వైస్ ప్రిన్సిపాల్‌ని. న్యాక్ (కళాశాలల నాణ్యతను అంచనా వేసి గ్రేడ్ ఇచ్చే జాతీయ సంస్థ) బృందం వచ్చి వెళ్లిన తరువాత కళాశాలను మొత్తంగా సంస్కరించాలని యాజమాన్యం నిర్ణయించి, ఆ బాధ్యత నాకు అప్పగించింది. మెంటరింగ్ (కొందరేసి విద్యార్థుల బాగోగులు ఒక్కో లెక్చరర్‌కు అప్పగించడం), రెమిడియల్ తరగతులు (వెనుకబడినవారికి అదనపు పాఠాలు), స్పోకెన్ ఇంగ్లిష్, కెరీర్ గైడెన్స్ అంటూ తొమ్మిది కమిటీలు వేశాం, అన్నీ మొదలుపెట్టాం. రెండేళ్లలో ఫైళ్లు నిండాయి. మొదటి సంవత్సరంలో చేరి మధ్యలో మానేసే పిల్లలు మాత్రం తగ్గలేదు. అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలలు ఇలాంటి పనే చేశాయని విన్నాను. వారి అనుభవం మనకు పనికొస్తుందా?

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. తొమ్మిది కమిటీల పేర్లూ రాశారు గానీ, అవి మొదలైన తరువాత కళాశాల టైమ్‌టేబుల్‌లో ఏం మారిందో ఒక్క వాక్యం కూడా రాయలేదు. బహుశా ఏమీ మారి ఉండదు. చిక్కు అక్కడే ఉందని నా అభిప్రాయం. అమెరికా కమ్యూనిటీ కళాశాలలు పదేళ్లకు పైగా పడిన ప్రయాస కూడా నన్ను అదే అభిప్రాయానికి తెచ్చింది.

ఆ కళాశాలల గురించి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెబుతాను. ఇంటి దగ్గరే ఉంటూ మొదటి రెండేళ్ల కళాశాల చదువు పూర్తి చేసుకునే వీలు కల్పిస్తూ 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో ఒక జూనియర్ కళాశాల మొదలైంది. అది నేటికీ నడుస్తోంది. ఇప్పుడు ఆ దేశంలో అలాంటివి సుమారు వెయ్యి ఉన్నాయి. ఫీజు తక్కువ, చేరడానికి ర్యాంకుల పోటీ లేదు. అందువల్ల పగలు ఉద్యోగం చేసి సాయంత్రం చదువుకునేవారు, చిన్నపిల్లల తల్లులు, తమ ఇంట్లో మొదటిసారిగా కళాశాల మెట్లెక్కినవారు ఎక్కువగా అక్కడే చేరతారు. తలుపు అందరికీ తెరిచి ఉన్నా, పట్టా చేతబట్టుకుని బయటికి వచ్చేవారు తక్కువ కావడమే ఆ కళాశాలలను దశాబ్దాలుగా వేధిస్తున్న బాధ.

2004లో లుమినా ఫౌండేషన్ అనే అమెరికా దాతృత్వ సంస్థ చొరవతో, ‘అచీవింగ్ ద డ్రీమ్’ అనే పేరుతో 26 కళాశాలలు ఒక పెద్ద ప్రయత్నం మొదలుపెట్టాయి. ప్రతి కళాశాలా తన విద్యార్థుల లెక్కలు తానే తీసి, వారు ఎక్కడ ఆగిపోతున్నారో చూసి, తగిన ఉపాయాలు అమలు చేయాలన్నది దాని ఉద్దేశం. కళాశాలలు నిజంగానే కష్టపడ్డాయి. అయినా, 2011లో వెలువడిన మూల్యాంకనం ప్రకారం లెక్కలు చూసి నిర్ణయాలు తీసుకునే అలవాటు చాలాచోట్ల బలపడింది గానీ, విద్యార్థుల ఫలితాలు మొత్తం మీద పెద్దగా మారలేదు. చేపట్టిన కార్యక్రమాల్లో చాలా భాగం కొద్దిమంది విద్యార్థులకు మాత్రమే అందడం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఒక మూల ఇరవైమందికి ప్రత్యేక తరగతి, మరో మూల ముప్ఫైమందికి కౌన్సెలింగ్ జరుగుతుండగా, మిగిలిన వేలమంది పాత దారిలోనే వచ్చి పాత చోటే ఆగిపోయారు. మీ తొమ్మిది కమిటీల కథ కూడా ఇదే కదా!

ఆ అనుభవం నుంచి పుట్టిన ఆలోచనకే ‘గైడెడ్ పాత్‌వేస్’ అని పేరు. అప్పటిదాకా ఆ కళాశాలలు సంతలో సరుకులు పరిచినట్లు వందల కోర్సులు పరిచి, ఏవి ఏరుకోవాలో, ఏ వరుసలో చదవాలో విద్యార్థికే వదిలేసేవి. కొత్త పద్ధతిలో, మొదట ఏ చదువు ఏ ఉద్యోగానికి, ఏ పై చదువుకు దారి తీస్తుందో సెమిస్టరు వారీగా గీసి చూపిస్తారు. విద్యార్థి చేరగానే ఆ దారుల్లో ఒకదాన్ని ఎంచుకోవడానికి సాయం చేస్తారు. దారిలో ఉన్నాడో, తప్పాడో గమనిస్తూ ఉంటారు. చివరగా, ఆ దారిలో అతను నిజంగా నేర్చుకుంటున్నాడో లేదో చూస్తారు. నాలుగూ తెలిసిన విషయాలే. అయితే ఈ నాలుగూ కళాశాలలోని విద్యార్థులందరికీ ఒకేసారి జరగాలంటే కోర్సుల జాబితా, లెక్చరర్ల పని గంటలు, ఆఫీసు కౌంటర్లు, కంప్యూటరు రికార్డులు అన్నీ కలిసి మారాలి. అందుకే ఆ కళాశాలలకు దీన్ని సిద్ధం చేసుకోవడానికే ఏళ్లు పట్టింది.

మన పరిస్థితి కొంత వేరు. మన డిగ్రీ విద్యార్థికి ఏరుకోవలసిన కోర్సులు ఎక్కువ లేవు. దారిని విశ్వవిద్యాలయం, ఉన్నత విద్యామండలి ముందే వేసి ఉంచాయి. మన పిల్లలు తప్పిపోయేది దారిలో కన్నా గుమ్మం దగ్గరే. 2020-21 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్ అయ్యాయి. బంగారుపాళ్యం నుంచో, పెనుమూరు నుంచో వచ్చిన అబ్బాయి నెట్ సెంటర్‌లో కూర్చుంటే, వెనుక వరుసలో పదిమంది వేచి ఉండగా, సెంటర్ నడిపే కుర్రవాడు అడిగిన రెండు మూడు ప్రశ్నలతో వెబ్ ఆప్షన్లు (ఏ కళాశాల, ఏ కోర్సు అనే ఎంపికలు) పడిపోతాయి. 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు చదివే సింగిల్ మేజర్ విధానం వచ్చిన తరువాత ఆ పది నిమిషాల బరువు ఇంకా పెరిగింది. పూర్వం మూడు సబ్జెక్టులు ఉండేవి కాబట్టి ఒకటి కుదరకపోయినా మిగిలిన రెండింటిని పట్టుకుని నెట్టుకొచ్చేవారు. చదువంతా ఒకే మేజర్ మీద నిలబడితే, అది తనది కాదని తెలిసిన విద్యార్థి నెమ్మదిగా రావడం మానేస్తాడు. మనం మాత్రం అతని పేరు ఎదురుగా ‘దీర్ఘకాల గైర్హాజరు’ అని రాసుకుంటాం.

కాబట్టి మీకు నేను చెప్పదలచినది ఇది. తొమ్మిదింటిలో ఏడు కమిటీలను ఒక సంవత్సరం పక్కన పెట్టండి. ప్రవేశాల రిజిస్టరును, మొదటి రెండు సెమిస్టర్ల ఫలితాలను పక్కపక్కన పెట్టుకుని, చేరిన ప్రతి విద్యార్థీ ఏ నెల వరకు వచ్చాడో, ఏ పేపరు దగ్గర ఆగాడో వరుసగా రాయించండి. దానికి సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, రూళ్ల పుస్తకం చాలు. నేను ఇద్దరు లెక్చరర్లతో కలిసి వేసవి సెలవుల్లో ఈ పని చేశాను. మా అంచనాలన్నీ తారుమారయ్యాయి. తప్పిన పిల్లలు మానేస్తున్నారని మేము అనుకునేవాళ్లం. మానేసినవారిలో చాలామంది అసలు మొదటి పరీక్ష రాయకముందే వెళ్లిపోయారు. అంటే మా రెమిడియల్ తరగతులు, సప్లిమెంటరీ కోచింగ్ అన్నీ వారు వెళ్లిపోయాక మొదలవుతున్నాయన్నమాట. ఆ తరువాతే మేము కళాశాల మొదటి నాలుగు వారాల టైమ్‌టేబుల్‌ను పూర్తిగా విప్పి మళ్లీ కట్టాం. ప్రతి లెక్చరర్‌కూ రోజుకొక పీరియడ్ తరగతి పాఠం బదులు ఇరవైమంది కొత్త విద్యార్థులతో కూర్చునే పీరియడ్‌గా మార్చి, దాన్ని వారి వర్క్‌లోడ్‌లోనే, అంటే పని గంటల్లోనే, లెక్కవేశాం. మెంటరింగ్ అనే మాట మా దగ్గర అంతకుముందు నాలుగేళ్లుగా ఉంది. టైమ్‌టేబుల్‌లో దానికంటూ ఒక గడి దొరికింది మాత్రం అప్పుడే.

ప్రశ్న: మన దేశంలోనూ కమ్యూనిటీ కళాశాలలు ఉన్నాయి కదా, వాటి గురించి ఎవరూ మాట్లాడరెందుకు? – ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: ఉన్నాయి. పన్నెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 2013-14లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఒక పథకం పెట్టి, అప్పటికే ఉన్న డిగ్రీ కళాశాలల ఆవరణలోనే స్థానిక పరిశ్రమలకు తగిన సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు నడిపే కేంద్రాలకు నిధులిచ్చింది. మరుసటి ఏడు బీవోక్ (వృత్తివిద్యా డిగ్రీ) పథకం వచ్చింది. ఇవి ఒక కళాశాలలో ఒక గదిగా ఉంటాయి, అమెరికాలోవి ఊరి మధ్య స్వతంత్ర కళాశాలలు. పేరు ఒకటే అయినా రెండింటినీ పోల్చలేం. పోల్చవలసింది మన సాధారణ డిగ్రీ కళాశాలనే, ఎందుకంటే అక్కడి కమ్యూనిటీ కళాశాలకు వచ్చే విద్యార్థిలాంటివాడు మన దగ్గర అక్కడే చేరుతున్నాడు.

ప్రశ్న: నేను తిరుపతిలోని ఒక కళాశాల ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌గా పని చేస్తున్నాను. ‘సంస్థాగత సంస్కరణ’ పేరుతో మా దగ్గర పెట్టిన సమావేశాలకు ఆఫీసు సిబ్బందిని ఒక్కసారి కూడా పిలవలేదు. తీర్మానాలు టైపు చేసేది మాత్రం నేనే. మా మాటకు విలువ లేనట్టేనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి నేను నొచ్చుకున్నాను, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. ప్రిన్సిపాల్‌గా నా మొదటి రెండేళ్లలో సంస్కరణ అంటే లెక్చరర్లకు సంబంధించిన విషయమనే అనుకున్నాను.

ఒక జూలై నెలలో, మొదటి సంవత్సరం చేరిన ఒక అమ్మాయి మూడు రోజులుగా ఆఫీసు వరండాలోనే కనిపించడం చూసి పిలిచి అడిగాను. ఆమెది పాకాల అవతల ఒక పల్లె. ఆర్టీసీ బస్ పాస్ కోసం ఇక్కడ చదువుతోందని ధ్రువీకరించే బోనఫైడ్ సర్టిఫికెట్ కళాశాల నుంచి కావాలి. సర్టిఫికెట్‌కు దరఖాస్తు ఇచ్చే కౌంటర్ పదకొండు నుంచి ఒంటి గంట వరకే తెరిచి ఉంటుంది. ఆ సమయంలో ఆమెకు తరగతులు. తరగతి మానుకుని వస్తే, అడ్మిషన్ నంబరు వేయించుకుని రమ్మన్నారు. అది మరో కౌంటర్. అక్కడ ఫీజు రసీదు జిరాక్స్ అడిగారు. జిరాక్స్ షాపు గేటు బయట. అన్నీ తెచ్చేసరికి సంతకం పెట్టవలసిన నేను విశ్వవిద్యాలయంలో సమావేశానికి వెళ్లాను. పాస్ లేకుండా రోజూ రెండు వైపులా టిక్కెట్టు కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. “ఈ వారం అయిపోతే మా నాయిన మానేయమన్నాడు సార్” అని ఆ అమ్మాయి ఎంతో మామూలుగా చెప్పింది.

ఆ రోజు సాయంత్రం ఆఫీసు సిబ్బందిని కూర్చోబెట్టి, చేరిన రోజు నుంచి మొదటి పరీక్ష ఫీజు కట్టే రోజు దాకా ఒక విద్యార్థి ఎన్నిసార్లు ఏ కౌంటర్ దగ్గరికి రావాలో చెప్పమన్నాను. పన్నెండుసార్లు అని తేలింది. వాటిలో అయిదుసార్లు ఇచ్చేది అదే ఆధార్ జిరాక్స్, అదే పదో తరగతి మెమో. ఈ సంగతి మా సీనియర్ అసిస్టెంట్‌కు పదిహేనేళ్లుగా తెలుసు. మేమెవరం ఆయనను అడగలేదు, ఆయన తనంతట తాను చెప్పలేదు. మరుసటి ఏడాది నుంచి ప్రవేశం రోజునే, అదే బల్ల దగ్గర, బోనఫైడ్ సర్టిఫికెట్ చేతికిచ్చి పంపడం మొదలుపెట్టాం. కౌంటర్ వేళలను భోజన విరామానికి మార్చాం. సిబ్బంది తమ భోజనాన్ని అరగంట వెనక్కి జరుపుకున్నారు. అది వారు మనస్ఫూర్తిగా చేసిన త్యాగం. న్యాక్ నివేదికలో దానికి చోటు దొరకకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అమెరికా కళాశాలల్లోనూ ఇదే జరిగింది. గైడెడ్ పాత్‌వేస్ చేపట్టినచోట సలహాదారులు, ప్రవేశాల విభాగం, ఆర్థిక సహాయం చూసే సిబ్బంది, లెక్చరర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని విద్యార్థి అడుగుపెట్టిన క్షణం నుంచి అతనికి ఎదురయ్యే మజిలీలన్నీ గోడ మీద కాగితాలు అంటించి గీసుకున్నారు. ఎవరి విభాగం పని వారికి బాగానే కనిపిస్తుంది. విద్యార్థి జారిపడేది ఒక విభాగానికీ మరో విభాగానికీ మధ్య. ఆ సందు కనిపించేది కిటికీ అవతల వరుసను రోజూ చూసే మీకే. తరువాతి సమావేశానికి పిలుపు కోసం ఎదురుచూడకండి. మీ కౌంటర్ దగ్గర ఒక వారంలో ఏ పని మీద ఎందరు ఎన్నిసార్లు తిరిగి వచ్చారో ఒక కాగితం మీద గీతలు గీసి ఉంచండి. ఆ కాగితాన్ని ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టండి. లెక్కతో వచ్చిన మాటను పక్కన పెట్టడం ఏ ప్రిన్సిపాల్‌కూ సులభం కాదు.

ప్రశ్న: నేను ఇంటర్ తెలుగు మీడియంలో చదివాను, మాది దామలచెరువు. డిగ్రీలో అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. మాలాంటివాళ్లు ఇంగ్లిష్ పాఠాలు అందుకోవడానికి బ్రిడ్జి కోర్సు సాయంత్రం నాలుగు తరువాత పెడుతున్నారు. ఆగితే నాకు బస్సు దొరకదు. మామిడి కాయల కాలంలో మండీలో పనికి కూడా వెళ్లాలి. బ్రిడ్జి కోర్సుకు రానివాళ్లు శ్రద్ధ లేనివాళ్లని క్లాసులో అన్నారు. నేనేం చెయ్యాలి సార్? – బీకాం మొదటి సంవత్సరం విద్యార్థిని

జవాబు: తల్లీ, నీకు శ్రద్ధ లేదన్న మాటను ముందు మనసులోంచి తీసేయ్. బస్సు వేళకు అడ్డంగా తరగతి పెట్టినవాళ్లదే ఆ తప్పు. నేనూ ఒకప్పుడు అలాగే పెట్టాను. నాలుగుంబావుకు మొదలయ్యే మా రెమిడియల్ తరగతికి హాస్టల్ పిల్లలు మాత్రమే వచ్చేవారు. వారిలో చాలామందికి ఆ తరగతి అవసరమే లేదు. రిజిస్టరులో ‘నిర్వహించడమైనది’ అని రాసి సంతకం పెట్టేవాణ్ని.

2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లిష్ మీడియం అయింది. అప్పటి నుంచి నీలాంటి పిల్లలకు కామర్స్ కష్టం కాదు, కామర్స్ చెప్పే భాష కష్టం. దీనికి విరుగుడుగా సాధారణంగా అందరూ ముందు భాష నేర్పి, తరువాత సబ్జెక్టు చెబుదామంటారు. అమెరికా కమ్యూనిటీ కళాశాలలు దశాబ్దాల పాటు ఇదే చేశాయి. చేరగానే ఒక పరీక్ష పెట్టి, తక్కువ మార్కులు వచ్చినవారిని క్రెడిట్లు లేని, అంటే పట్టా లెక్కలోకి రాని, రెమిడియల్ కోర్సుల వరుసలో పడేసేవారు. ఒకటి దాటితే మరొకటి. అలా పంపినవారిలో ఆ వరుస మొత్తం పూర్తి చేసినవారు సగం కన్నా తక్కువని పరిశోధనలు చూపాయి. చాలామంది ఆగింది పరీక్ష తప్పడం వల్ల కాదు, ఒక కోర్సు పాసై కూడా తరువాతి దానిలో చేరలేదు. చివరకు కాలిఫోర్నియా రాష్ట్రం 2017లో ఒక చట్టం చేసి, ఆ ప్రవేశ పరీక్షల బదులు హైస్కూల్ మార్కులను చూడాలనీ, విద్యార్థులు ఏడాది లోపే అసలు కళాశాల స్థాయి ఇంగ్లిష్, గణితం పూర్తి చేసే అవకాశం వీలైనంత పెరిగేలా చేర్చుకోవాలనీ కళాశాలలను ఆదేశించింది. 2019 నాటికి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. చాలాచోట్ల అసలు తరగతిలోనే చేర్చి, దాని పక్కనే అదనపు గంట సాయం ఇస్తున్నారు.

మీ కళాశాలలోనూ ఆ సాయం అకౌంటెన్సీ పీరియడ్ పక్కనే, పగటి వేళ ఉండాలి. డెబిట్ అంటే ఏమిటో తెలుగులో చెప్పి, జర్నల్ ఎంట్రీ ఇంగ్లిష్‌లో రాయించే లెక్చరర్ ఎవరో ఒకరు మీ దగ్గర తప్పకుండా ఉంటారు. దూరం నుంచి వచ్చే పిల్లలందరూ కలిసి, ఎవరి బస్సు ఎన్ని గంటలకో పక్కన రాసి, తరగతి వేళ మార్చమని ప్రిన్సిపాల్ గారికి ఒక అర్జీ ఇవ్వండి. ఒక్కదానివి అడిగితే సాకులా వినిపిస్తుంది, నలభైమంది బస్సు వేళలు కనిపిస్తే వారికి అసలు సంగతి తెలుస్తుంది. మండీ పని సంగతి మీ మెంటర్‌కు ముందే చెప్పి, హాజరు 75 శాతం కిందికి జారకుండా ఏ రోజులు తప్పక రావాలో లెక్క వేయించుకో. పని చేయడం దాచుకోవలసిన విషయం కాదమ్మా.

ప్రశ్న: ముప్ఫై ఏళ్లుగా చరిత్ర బోధిస్తున్నాను. ప్రతి రెండేళ్లకూ ఒక సంస్కరణ వస్తోంది. సెమిస్టర్, సీబీసీఎస్ (సబ్జెక్టులు ఎంచుకునే క్రెడిట్ పద్ధతి), పది నెలల ఇంటర్న్‌షిప్, సింగిల్ మేజర్, ఇప్పుడు మా ప్రిన్సిపాల్ గారి సంస్కరణ. మేము అభ్యంతరం చెబితే మార్పుకు అడ్డుపడుతున్నామంటారు. మా భయం నిజం కాదా?

జవాబు: నిజమే. మీ సబ్జెక్టులో చేరేవారు తగ్గితే వర్క్‌లోడ్ తగ్గుతుంది. వర్క్‌లోడ్ తగ్గితే పోస్టు మిగులు అంటారు. గెస్ట్ లెక్చరర్ అయితే మరుసటి జూన్‌లో పిలుపే రాదు. సింగిల్ మేజర్ వచ్చినప్పుడు చరిత్ర, తెలుగు, వృక్షశాస్త్రం బోధించేవారు పడిన ఆందోళన నాకు తెలుసు. సంస్కరణ నడిపేవారు ఈ భయాన్ని మొదటి సమావేశంలోనే బల్ల మీద పెట్టి మాట్లాడాలి. ‘విద్యార్థి శ్రేయస్సు’ అనే పెద్ద మాట వెనుక దాన్ని దాచిపెడితే, అది కారిడార్లలో మరింత పెద్దదై తిరుగుతుంది. మా కళాశాలలో ఎవరి పని గంటలూ రెండేళ్ల వరకు తగ్గించబోమనీ, తగ్గిన బోధన గంటలను మెంటర్ పీరియడ్లుగా లెక్కిస్తామనీ స్టాఫ్ కౌన్సిల్‌లో రాతపూర్వకంగా తీర్మానించిన తరువాతే అసలు చర్చ మొదలైంది.

ఇక అలసట గురించి. 2020లో వచ్చిన పది నెలల ఇంటర్న్‌షిప్‌నే తీసుకోండి. మొదటి ఏడాది తరువాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తరువాత రెండు నెలలు, చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తం. విద్యార్థులందరికీ వర్తించడం వల్ల అది చిన్న ప్రయోగంగా మిగిలిపోలేదు. ఆ మేరకు మంచిదే. అయితే శ్రీసిటీ పారిశ్రామికవాడలోనో, కరకంబాడి వైపు ఫ్యాక్టరీలలోనో కామర్స్ పిల్లలకు చోటు వెతకగలిగిన కళాశాలకు చరిత్ర విద్యార్థిని ఎక్కడికి పంపాలో తోచలేదు. చంద్రగిరి కోట, అక్కడి రాజమహల్ మ్యూజియం మన ఇంటి ముందే ఉన్నాయి. శాసనాలు చదవడం, సందర్శకులకు వివరించడం, గ్రామ చరిత్రలు సేకరించడం చరిత్ర విద్యార్థికి అసలైన ఇంటర్న్‌షిప్ కావచ్చు. అది రూపొందించగలిగినది మీరే, సార్. ఉత్తర్వు పైనుంచి వచ్చినప్పుడు దాని లోపల ఏముండాలో నింపే పని బోధకులకు దక్కకపోతే వారు ఫారాలు నింపేవారిగా మిగిలిపోతారు. మీ అభ్యంతరాన్ని వదులుకోమని నేను చెప్పను. దానితో పాటు మీ సబ్జెక్టులో చేరిన విద్యార్థి మూడో ఏడాది చివర ఏ పని చేయగలగాలో ఒక పేజీ రాసి సమావేశానికి తీసుకువెళ్లండి. సంస్కరణలో మీకు చోటు అడిగి తీసుకోవడానికి నాకు తెలిసిన దారి అదే.

ప్రశ్న: ఇవన్నీ చేయాలంటే డబ్బు కావాలి. మేము ప్రభుత్వ కళాశాలవాళ్లం. పైగా ప్రిన్సిపాల్ బదిలీ కాగానే అంతా మొదటికొస్తుంది. ఏం చేయాలి? – ఐక్యూఏసీ (కళాశాల అంతర్గత నాణ్యతా విభాగం) కోఆర్డినేటర్, తిరుపతి జిల్లా

జవాబు: డబ్బు కావలసిన పనులు కొన్ని తప్పకుండా ఉన్నాయి. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం తన కమ్యూనిటీ కళాశాలల్లో 2007లో ‘ఏశాప్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. విద్యార్థి పూర్తికాలం చదవాలి, సలహాదారును తరచూ కలవాలి. దానికి బదులుగా ఫీజులో సహాయం పోను మిగిలిన భాగం మాఫీ, పుస్తకాలకు సాయం, నగర రవాణాకు ఉచిత కార్డు, తక్కువమంది విద్యార్థులను మాత్రమే చూసే సలహాదారు దొరుకుతారు. లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పోల్చిన పరిశోధనలో, మూడేళ్లలో పట్టా పొందినవారు ఈ కార్యక్రమంలో సుమారు 40 శాతం, మామూలుగా చదివినవారిలో సుమారు 22 శాతం. తలసరి ఖర్చు పెరిగింది. పట్టా పొందిన ఒక్కొక్కరికీ అయిన ఖర్చు మాత్రం తగ్గింది. ఒహాయోలో మూడు కళాశాలలు దీన్ని తమకు తగ్గట్టు మార్చుకుని అమలు చేసినప్పుడు కూడా పట్టాలు దాదాపు రెట్టింపయ్యాయి. ఏ ఒక్క సాయమో ఆ ఫలితం తేలేదనీ, ఫీజు, ప్రయాణం, పుస్తకాలు, పలకరించే మనిషి, నాలుగూ ఒకే విద్యార్థికి ఒకేసారి అందడం వల్లే అది సాధ్యమైందనీ నేను అనుకుంటున్నాను.

మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, బస్ పాస్ రాయితీ ఉంది, బీసీ, ఎస్సీ, ఎస్టీ హాస్టళ్లు ఉన్నాయి, లైబ్రరీలో బుక్ బ్యాంకు ఉంది. నాలుగూ నాలుగు శాఖల చేతుల్లో ఉన్నాయి. ఒకే విద్యార్థికి నాలుగూ అందాయో లేదో చూసే మనిషి లేడు. ఆ మనిషిని నియమించడానికి కొత్త పోస్టు అక్కరలేదు. ప్రతి మెంటర్ చేతిలో ఇరవైమంది పేర్లు, ఎదురుగా నాలుగు గళ్లు ఉన్న ఒక పట్టిక ఉంటే, ఆగస్టు నెలాఖరుకు ఖాళీగా ఉన్న గళ్లే మీ ఐక్యూఏసీ సమావేశానికి అజెండా అవుతాయి.

బదిలీ విషయంలో నేను చూసిన సంగతి చెబుతాను. నేను వెళ్లిన తరువాత మా కళాశాలలో చాలా పనులు ఆగిపోయాయి. నా ఉత్సాహం మీద నడిచినవన్నీ ఆరు నెలల్లో పోయాయి. ప్రవేశం రోజున బోనఫైడ్ ఇవ్వడం, మొదటి నాలుగు వారాల మెంటర్ పీరియడ్, భోజన విరామంలో కౌంటర్, ఈ మూడూ నిలిచాయని విన్నాను. మొదటిది ప్రవేశాల చెక్‌లిస్టులో అచ్చయింది, రెండోది టైమ్‌టేబుల్‌లో ఉంది, మూడోది కౌంటర్ బోర్డు మీద రంగుతో రాయించాం. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ వాటిని ఆపాలంటే పనిగట్టుకుని ఉత్తర్వు ఇవ్వాలి. కాబట్టి ఈ ఏడాది మీరు చేయదలచిన పనులను వచ్చే విద్యా సంవత్సరం హ్యాండ్‌బుక్ అచ్చుకు వెళ్లేలోపు స్టాఫ్ కౌన్సిల్‌లో తీర్మానం చేయించి, అకడమిక్ క్యాలెండర్‌లో తేదీలతో సహా చేర్చండి. టైమ్‌టేబుల్ కమిటీ కన్వీనర్‌ను మొదటి రోజు నుంచి మీ పక్కన కూర్చోబెట్టుకోండి.